టిపిఫై, ఎగ్జెంప్లిఫై, ఎపిటమైజ్: మూడూ ఒకటేనా?

వేపచెట్టు
తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వ్యాసాలు అనువాదం చేస్తుంటాను. పర్యావరణం మీద, పాత కట్టడాల మీద, అప్పుడప్పుడు జీవిత చరిత్రలు. తెలుగులో "నిదర్శనం" అని వచ్చిన చోట్ల సందర్భం చూసుకుని ఒకచోట టిపిఫై, ఒకచోట ఎగ్జెంప్లిఫై, ఇంకోచోట మామూలుగా "ఈజ్ ఏన్ ఎగ్జాంపుల్ ఆఫ్" అని రాశాను. మొన్న పంపిన పని వెనక్కి వచ్చింది. ఎడిటర్ మూడింటినీ కొట్టేసి అన్నిచోట్లా ఎపిటమైజ్ పెట్టేశారు. అడిగితే "థెసారస్‌లో, అంటే పర్యాయపదాల నిఘంటువులో, అన్నీ ఒకే వరసలో ఉన్నాయి, ఇదైతే బలంగా వినిపిస్తుంది" అన్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏటా వచ్చే వరదల్లాంటిదే ఒక వరద, దాన్ని పట్టుకుని ఎపిటమైజ్ అంటే అర్థమే మారిపోతుంది కదా? కానీ తేడా ఏమిటో ఎదుటివాళ్లు ఒప్పుకునేలా చెప్పలేకపోతున్నాను. వాడేవాళ్లు, నేర్పేవాళ్లు ఎవరైనా చెప్పండి. ఇంకొకటి, వీటికి ఇంగ్ చేర్చి "ఈజ్ ఎగ్జెంప్లిఫైయింగ్" అనొచ్చా? రెండు చోట్ల అలా కూడా మార్చారు.

రాత్రిబండి
అన్నీ ఒకటేనండీ. "ఈజ్ ఏ గుడ్ ఎగ్జాంపుల్ ఆఫ్" అని రాసి హాయిగా పడుకోండి. చదివేవాళ్లకి అర్థమైతే చాలు.

పదాలపిచ్చి
రాత్రిబండి గారు చెప్పినదాంట్లో సగమే ఒప్పుకుంటాను. అర్థం కావడమే ముఖ్యం, నిజమే. కానీ ఈ మూడు మాటలూ మూడు వేర్వేరు సంగతులు చెబుతాయి, అందుకే ఆ ఎడిటర్ చేసిన మార్పు నిలవదు.

పక్షుల సంగతి తీసుకోండి. ఎలియనోర్ రోష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970లలో జనాన్ని అడిగి చూశారు, "పక్షి" అనగానే ఏది ఎంత బాగా సరిపోతుంది అని. రాబిన్, పిచ్చుక లాంటివి పైన నిలిచాయి, పెంగ్విన్, నిప్పుకోడి అడుక్కి పోయాయి. పెంగ్విన్ కూడా పక్షే, అందులో తగాదా లేదు, కాబట్టి అది పక్షికి ఒక ఉదాహరణే. కానీ "ది పెంగ్విన్ టిపిఫైస్ బర్డ్స్" అంటే అబద్ధం అయిపోతుంది. ఎందుకంటే టిపిఫై అన్నప్పుడు ఆ ఒక్కదాని గురించే కాదు, మిగతా గుంపు గురించి కూడా ఒక మాట అంటున్నాం, దాదాపు అన్నీ ఇలాగే ఉంటాయని.

ఎగ్జెంప్లిఫై అన్నప్పుడు గుంపు మీద అంత భారం పడదు. ఒక గుణాన్నో సూత్రాన్నో కళ్లకు కట్టినట్టు చూపిస్తే చాలు. అదే పెంగ్విన్ చలికి తట్టుకునే శరీరాన్ని చక్కగా ఎగ్జెంప్లిఫై చేస్తుంది. గలాపగోస్ దీవుల ఫించ్ పక్షులు ఒకే మూలం నుంచి తిండిని బట్టి ముక్కులు మారుతూ జాతులు ఎలా చీలిపోతాయో ఎగ్జెంప్లిఫై చేస్తాయి. అవి మామూలు పక్షులేనా అన్న ప్రశ్నే అక్కడ రాదు.

ఎపిటమైజ్ అంటే పరాకాష్ఠ. ఆ గుణమంతా ఒక్కచోట పోగుపడింది, ఇంతకన్నా బాగా చూపించేది ఇంకోటి లేదు అని అర్థం. ఏటా వచ్చే వరదకి ఈ మాట వేస్తే, వరదంటే అదే అన్నంత పెద్దది చేసినట్టు. వేపచెట్టు గారి అనుమానం నూటికి నూరుపాళ్లూ సరైనది. ఆ వరదకి టిపిఫైనే కావాలి.

కోడ్‌గీత
ఈ తేడా దగ్గర మా ఆఫీసులో పెద్ద గొడవే అయింది. ఒకరోజు సర్వర్ పడిపోయింది. కారణాలు రాసే రిపోర్టులో ఒకాయన "దిస్ అవుటేజ్ టిపిఫైస్ అవర్ రిలీజ్ ప్రాసెస్" అని రాశాడు. కొత్త సాఫ్ట్‌వేర్ వదిలే రిలీజ్ పద్ధతిలో ఉన్న ఒక లోపం ఇందులో బయటపడింది అని ఆయన ఉద్దేశం. రిలీజ్ టీమ్‌కి అర్థమైంది మాత్రం, మీ రిలీజులన్నీ ఇలాగే తగలడతాయి అని. మెయిళ్ల మీద మెయిళ్లు, ఒక మీటింగ్ కూడా. చివరికి "ఎగ్జెంప్లిఫైస్ ఏ వీక్‌నెస్ ఇన్" అని మార్చాక చల్లబడ్డారు. అప్పట్నుంచి టిపిఫై కనబడితే ఆగి, నిజంగా అన్నీ ఇలాగే ఉన్నాయా అని చూస్తాను.

రాత్రిబండి
"గుడ్ ఎగ్జాంపుల్" అని రాసుంటే ఆ మీటింగ్ ఉండేదే కాదు, చూశారా.

మూడోకన్ను
పదాలపిచ్చి గారు గీసినంత గట్టి గీత అక్కడ లేదు. నేర్చుకునేవాళ్ల కోసం వేసే డిక్షనరీ తెరవండి, ఎగ్జెంప్లిఫైకి కూడా "టిపికల్ ఉదాహరణగా ఉండటం" అనే అర్థమే ముందు ఇస్తారు, ఉదాహరణ ఇచ్చి వివరించడం తర్వాత వస్తుంది. బాగా రాసే ఇంగ్లీషు వాళ్లు కూడా చాలా వాక్యాల్లో ఈ రెండింటినీ అటూ ఇటూ మార్చి వాడతారు, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. ఎపిటమైజ్ వేరు అన్నది మాత్రం కాదనను. ఎడిటర్‌తో వాదించాలంటే ఆ ఒక్కదాని మీదే నిలబడండి, మిగతా రెండింటి మధ్య తేడా గురించి పోట్లాడితే డిక్షనరీ తెచ్చి ముందు పెడతారు.

పదాలపిచ్చి
డిక్షనరీ ఒక్క వరసలో చెప్పాలి కాబట్టి అలా చెబుతుంది. వాక్యంలో పెట్టి చూడండి. ఫ్రాన్స్‌లో షార్త్ర్ కెథీడ్రల్ అనే పెద్ద చర్చి ఉంది, గోథిక్ అనే పాత యూరప్ కట్టడ శైలిలోది, 1194లో పాతది మంటల్లో కాలిపోయాక కట్టినది. "షార్త్ర్ ఎగ్జెంప్లిఫైస్ గోథిక్ ఆర్కిటెక్చర్", ఏ అభ్యంతరమూ లేదు. ఇప్పుడు గోథిక్ కట్టడాల్లో కనిపించే కొసదేలిన కమాను తీసుకోండి. "పాయింటెడ్ ఆర్చెస్ టిపిఫై గోథిక్ ఆర్కిటెక్చర్" అంటే సాఫీగా పోతుంది. అదే వాక్యంలో ఎగ్జెంప్లిఫై పెడితే చెవికి ఎక్కడో అడ్డం తగులుతుంది. కారణం, షార్త్ర్ గోథిక్‌కి ఒక ఉదాహరణ, కమాను ఉదాహరణ కాదు, లక్షణం. టిపిఫై రెండు వైపులా నడుస్తుంది. గుంపులో ఒకటి గుంపుని టిపిఫై చేయొచ్చు, గుంపులో కనిపించే లక్షణం కూడా చేయొచ్చు. ఎగ్జెంప్లిఫైకి మాత్రం కర్తగా ఉదాహరణే ఉంటే బాగుంటుంది. ఇది డిక్షనరీ వరసలో కనిపించదు.

మూడోకన్ను
లక్షణం గురించి చెప్పాలంటే క్యారెక్టరైజ్ అని శుభ్రమైన మాట ఉండగా టిపిఫై దాకా ఎందుకు?

పదాలపిచ్చి
క్యారెక్టరైజ్ కూడా సరిపోతుంది. కాకపోతే అది ఆ వస్తువుకి గుర్తింపునిచ్చే లక్షణం ఏదో చెబుతుంది, టిపిఫై అంటే "మామూలుగా ఇలాగే ఉంటుంది" అనే వాసన కూడా ఉంటుంది. రెండూ ఉండటమే మంచిది.

మొక్కలమనిషి
మా రంగంలో టిపిఫై అంటే పూర్తిగా వేరే పని. వృక్షశాస్త్రంలో ఒక మొక్క శాస్త్రీయ నామాన్ని ఒక నమూనాకి ముడివేస్తారు. హెర్బేరియంలో కాగితానికి అతికించి దాచిన ఎండు కొమ్మ కావచ్చు, కొన్నిసార్లు ఒక బొమ్మ కావచ్చు. ఆ నమూనాని టైప్ అని, ఆ ముడివేయడాన్ని టిపిఫికేషన్ అని అంటాం. పాతకాలం వాళ్లు నమూనా ఏదో చెప్పకుండా పేరు పెట్టేస్తే, వాళ్లు చూసినవాటిలోంచి తర్వాతివాళ్లు ఒకదాన్ని ఎంచుతారు, దాన్ని లెక్టోటైప్ అంటాం. మొక్కలకీ జంతువులకీ శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన మొక్కల పేర్లకి ఈ పని చేయడానికే లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 1981లో ఒక ప్రాజెక్టు మొదలైంది. ఆయన పెట్టిన పేర్లు వేలల్లో ఉన్నాయి, చిన్న పని కాదు.

నేను చెప్పదలచుకున్నది ఏంటంటే, ఆ టైప్ నమూనా తన జాతికి టిపికల్‌గా ఉండాలన్న నియమం లేదు. అంతర్జాతీయ నామకరణ నియమావళిలోనే ఈ సంగతి స్పష్టంగా రాసి ఉంది. పురుగు కొట్టి, ఆకులు సగం రాలిన కొమ్మ కూడా టైప్ కావచ్చు. జంతువుల్లోనూ ఇంతే. మనిషికి పెట్టిన హోమో సేపియన్స్ అనే పేరుకి స్వయంగా లిన్నేయస్‌నే టైప్‌గా అనుకోవాలని వృక్షశాస్త్రవేత్త విలియం స్టెర్న్ 1959లో రాశారు. లిన్నేయస్ మనుషులందరికీ టిపికల్ అని దాని అర్థం కాదు, పేరు ఆయనకి ముడిపడింది అంతే. అందుకని వేపచెట్టు గారూ, పర్యావరణ వ్యాసాల్లో ఒక మొక్కనో నమూనానో ఒక జాతితో కలిపి టిపిఫై అని రాస్తే శాస్త్రజ్ఞులు వేరే అర్థంలో చదువుతారు. అడవులు, వరదలు, వాతావరణం గురించి అయితే ఏ ఇబ్బందీ లేదు.

రాత్రిబండి
టైప్ అయినది టిపికల్ కానక్కర్లేదా! ఈ చర్చలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

పలకాబలపం
ఇంగ్ ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. ఉదాహరణగా ఉండటం అనే అర్థంలో ఇంగ్ వద్దు. ఇవి ఎవరో చేసే పనిని చెప్పే క్రియలు కావు, ఒక స్థితిని చెప్పేవి. బిలాంగ్, రిజెంబుల్, కన్సిస్ట్ ఎలాగో ఇవీ అలాగే. "దిస్ ఈజ్ బిలాంగింగ్ టు మీ" అనకూడదని బళ్లోనే చెబుతారు, ఎగ్జెంప్లిఫై దగ్గరికొచ్చేసరికి మాట పెద్దది కావడంతో ఎవరికీ అనుమానం రాదు. మనవాళ్ల రాతలో ఇది ఎందుకు ఇంత తరచుగా కనిపిస్తుందంటే, తెలుగులో "ఉదాహరణగా నిలుస్తోంది", "అద్దం పడుతోంది" అంటాం, ఆ "తోంది" కాస్తా నేరుగా ఇంగ్ అయి కూర్చుంటుంది. తెలుగులో "నిలుస్తోంది" అన్నా "నిలుస్తుంది" అన్నా ఇలాంటి చోట పెద్ద తేడా లేదు. ఇంగ్లీషులో ఉంది.

మూడోకన్ను గారు చెప్పిన రెండో అర్థం, అంటే ఒక మనిషి ఉదాహరణలిచ్చి వివరించడం, అక్కడ ఇంగ్ రావచ్చు, అది పనే కాబట్టి. అయినా ఆ అర్థంలో ఇలస్ట్రేట్ అనే మాట ఇంకా సహజంగా ఉంటుంది. "లెట్ మీ ఎగ్జెంప్లిఫై" అని ఉపన్యాసాల్లో వింటుంటాం, "లెట్ మీ గివ్ యూ ఏన్ ఎగ్జాంపుల్" అంటే ఎంతో తేలికగా ఉంటుంది కదా.

ఇంకా, వీటి వెనక ఆఫ్ రాదు. "ది ఎపిటమీ ఆఫ్" అనే నామవాచకం నోట్లో ఆడుతూ ఉండటం వల్ల "ఎపిటమైజెస్ ఆఫ్", "ఎగ్జెంప్లిఫైస్ ఆఫ్" అని రాసేస్తారు. క్రియకి నేరుగా కర్మ పెట్టాలి. కర్మణి వాక్యంలో బై వస్తుంది, కొన్నిసార్లు ఇన్.

వేపచెట్టు
పలకాబలపం గారూ, ఇది చాలా ఉపయోగం. "తోంది" సంగతి ఎడిటర్‌కి అలాగే పంపిస్తాను.

కొత్తచిగురు
నేను ఐఈఎల్‌టీఎస్ రాయబోతున్నాను. కోచింగ్‌లో ఒక లిస్టు ఇచ్చారు. "ఎగ్జాంపుల్" అనే మాట అసలు వాడొద్దు, దాని బదులు ఎగ్జెంప్లిఫై, ఎపిటమైజ్ వాడితే బ్యాండ్ పెరుగుతుంది అన్నారు. ఇదంతా చదివాక టెన్షన్ మొదలైంది. వాడాలా వద్దా?

రాత్రిబండి
"ఎగ్జాంపుల్" వాడొద్దని చెప్పడం అన్యాయం. అంత శుభ్రమైన మాట ఇంకోటి లేదు, చిన్నపిల్లలకీ తెలుసు, పెద్ద ప్రొఫెసర్లూ వాడతారు. ఆ లిస్టు పక్కన పెట్టమ్మా.

పలకాబలపం
కొత్తచిగురు, ఎగ్జెంప్లిఫై ఒక్కసారి వాడు, సరైన చోట. ఎపిటమైజ్ అవసరం నీకు రాకపోవచ్చు. రైటింగ్‌లో టాస్క్ 2ని, అంటే వ్యాసాన్ని, నాలుగు కోణాల్లో చూస్తారు, నాలుగింటికీ సమానమైన విలువ, పదసంపద అందులో ఒకటి. అక్కడ కూడా అరుదైన మాట ఉందా లేదా అన్నదొక్కటే కాదు, దాని పక్కన ఏ మాట చేర్చావు, సందర్భానికి అది అతికిందా అని చూస్తారు. 40 నిమిషాల్లో కనీసం 250 మాటలు రాయాలి, అప్పుడు కూర్చుని పద్ధతి ఆలోచించే తీరిక ఉండదు. అందుకని "యాజ్ ఎగ్జెంప్లిఫైడ్ బై" అనే ముక్క సిద్ధంగా పెట్టుకో. కాలం మార్చనక్కర్లేదు, చివర ఎస్ పెట్టాలా వద్దా అన్న గొడవ లేదు, ఇంగ్ అసలే రాదు. దాని వెనక నీకు బాగా తెలిసిన నిజమైన ఉదాహరణ ఒకటి రాయి, అది లేకపోతే ఎంత పెద్ద మాటైనా డొల్లే. ఇంకోచోట ఉదాహరణ కావలసివస్తే "ఫర్ ఎగ్జాంపుల్" అనే రాసెయ్, భయపడకు.

కొత్తచిగురు
థాంక్స్ అండీ. చాలా ధైర్యంగా ఉంది ఇప్పుడు.

సీతాకోక
కోడ్‌గీత గారి రిపోర్టులాంటిదే నా దగ్గర ఒకటుంది, కాకపోతే ఇంకా బాధ కలిగించేది. అడ్మిషన్ల కోసం వచ్చే సిఫారసు ఉత్తరాలు చదివే పని చేస్తుంటాను. ఒక ఉత్తరంలో "షీ టిపిఫైస్ అవర్ స్టూడెంట్స్" అని ఉంది. రాసినాయన ఆ అమ్మాయిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటున్నారు, మిగతా ఉత్తరమంతా చదివితే తెలిసిపోతుంది. ఆ వాక్యం చెప్పేది మాత్రం "ఈమె మా మిగతా పిల్లల్లాంటిదే" అని. తొందరలో చదివేవాళ్లు ఆ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతే ఆ పిల్ల సంగతేంటి? ఫలానా గుణాన్ని ఎగ్జెంప్లిఫై చేస్తుంది అని, ఆ గుణం పేరు చెప్పి రాసుంటే ఎంత బాగుండేది. పిల్లల గురించి ఉత్తరాలు రాసే టీచర్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. మెచ్చుకోవాలంటే ఎగ్జెంప్లరీ అనే విశేషణం ఉంది, అది నేరుగా మెచ్చుకోలే.

నల్లకోటు
సీతాకోక గారూ, ఉత్తరంలో సరే కానీ ఎగ్జెంప్లరీ అన్నిచోట్లా మెచ్చుకోలు కాదు. కోర్టులో ఎగ్జెంప్లరీ డ్యామేజెస్ అంటే జరిగిన నష్టానికి మించి, తప్పు చేసినవాళ్లకి గుణపాఠంగా, చూసినవాళ్లు భయపడేలా వేసే సొమ్ము. ఇంగ్లండ్‌లో 1964లో రూక్స్ వర్సెస్ బర్నార్డ్ కేసులో హౌస్ ఆఫ్ లార్డ్స్ వీటిని ఎప్పుడు వేయొచ్చో గట్టిగా కుదించింది. పేటెంట్ కాగితాల్లో అయితే ఎగ్జెంప్లరీ అంటే మెచ్చుకోలూ కాదు, శిక్షా కాదు, "ఉదాహరణకు ఒకటి" అని మాత్రమే. ఎగ్జెంప్లిఫైకి కూడా న్యాయ భాషలో ఇంకో అర్థం ఉంది, రికార్డుకి అధికారిక ముద్రతో ధ్రువీకరించిన నకలు తీయడం. ఇప్పుడు అరుదు, పాత దస్తావేజులు అనువాదం చేసేవాళ్లకి మాత్రం తగులుతుంది.

సీతాకోక
ఒకే మాట మెచ్చుకోవడానికీ, దండించడానికీ! తెలుగులో "ఆదర్శం" ఎప్పుడూ మంచికే, అందుకే నాకు ఆ వైపు తట్టదు.

నల్లకోటు
ఎగ్జెంప్లిఫైకి మంచీ చెడూ రెండూ పొసగుతాయి, అది కూడా గుర్తుంచుకోండి. "ఎగ్జెంప్లిఫైస్ కరేజ్" ఎంత సహజమో "ఎగ్జెంప్లిఫైస్ నెగ్లిజెన్స్" అంతే సహజం.

కోడ్‌గీత
మా ప్రోగ్రామింగ్‌లో ఇన్‌స్టాన్షియేట్ అని ఉంది, క్లాస్ అనే మూసలోంచి ఒక ఆబ్జెక్టు తయారుచేయడం. థెసారస్‌లో అది కూడా ఎగ్జెంప్లిఫై పక్కనే ఉంటుంది. అదీ ఇదీ ఒకటేనా?

మూడోకన్ను
కాదు. ఇది తత్వశాస్త్రంలో బాగా నలిగిన సంగతి. నెల్సన్ గుడ్‌మన్ అనే తత్వవేత్త 1968లో దీని గురించి రాశారు. బట్టల కొట్లో చూపించే మచ్చు గుడ్డ ముక్కని తీసుకుంటారు. దానికి రంగు ఉంది, నేత ఉంది, మందం ఉంది. చిన్నగా, చతురస్రంగా కూడా ఉంది. ఇవన్నీ దానికి ఉన్న గుణాలే. కానీ ఆ ముక్క ఎగ్జెంప్లిఫై చేసేది రంగునీ నేతనీ మాత్రమే, ఆకారాన్నీ కొలతనీ కాదు. గుణం ఉండటం ఒక్కటే సరిపోదు, ఆ గుణం వైపు వేలు పెట్టి చూపించాలి కూడా. మీ ఆబ్జెక్టు క్లాసుకి ఇన్‌స్టాన్స్ కావడానికి ఎవరికీ ఏమీ చూపించక్కర్లేదు, అందులో పుడితే చాలు.

ఇంగ్లీషు రాసేటప్పుడు ఇది నాకు చాలా పనికొస్తుంది. ఎగ్జెంప్లిఫై వాడాక, ఏ గుణాన్ని చూపిస్తున్నామో కర్మగా స్పష్టంగా చెప్పామా అని చూసుకుంటాను. "ఈ ఊరు అభివృద్ధిని ఎగ్జెంప్లిఫై చేస్తుంది" అంటే ఏమీ చెప్పినట్టు కాదు. అభివృద్ధిలో ఏది, ఏ ముక్క?

పదాలపిచ్చి
మూడోకన్ను గారూ, మీరే ఇప్పుడు ఆ రెండింటి మధ్య గీత ఇంకా గట్టిగా గీశారు. మచ్చు గుడ్డ ఎగ్జెంప్లిఫైకి సరిగ్గా కుదిరింది. మనవాళ్ల స్థాలీపులాక న్యాయం టిపిఫైకి కుదురుతుంది, ఒక మెతుకు చూస్తే కుండంతా తెలుస్తుంది, ఎందుకంటే అన్ని మెతుకులూ ఒకలాగే ఉడుకుతాయి.

మూడోకన్ను
గీత ఉందని ఒప్పుకుంటాను, వాడుకలో జనం దాన్ని దాటుతూనే ఉంటారని కూడా అంటాను. రెండూ నిజాలే.

వేపచెట్టు
"మచ్చు" అన్నారు కాబట్టి అడుగుతున్నా. నా అసలు తలనొప్పి తెలుగు వైపు కూడా ఉంది. నిదర్శనం, తార్కాణం, మచ్చుతునక, ప్రతీక, "పెట్టింది పేరు", "మూర్తీభవించిన", ఇవన్నీ మన రచయితలు ధారాళంగా వాడతారు. వీటిలో దేన్ని ఈ మూడింట్లో దేనికి చేర్చాలి?

సీతాకోక
మూర్తీభవించిన అంటే ఎంబాడీ లేదా పర్సానిఫై. "పెట్టింది పేరు" అంటే ఈ మూడూ కావు, "ఈజ్ నోన్ ఫర్" అనాలి.

పదాలపిచ్చి
సీతాకోక గారు చెప్పింది సరైనది. మచ్చుతునక దగ్గర జాగ్రత్త. మాట ప్రకారం సాంపిల్ ముక్క, కానీ "ఆయన ప్రతిభకి ఈ పద్యం మచ్చుతునక" అన్నప్పుడు మామూలు ముక్క అని కాదు కదా, ఆ ప్రతిభ ఏపాటిదో ఇందులో తెలుస్తుందని. అది ఎగ్జెంప్లిఫై. ప్రతీక అయితే సింబలైజ్, పావురం శాంతికి ప్రతీక, శాంతికి ఉదాహరణ కాదు. నిదర్శనం, తార్కాణం ఇంకా గడుసువి. వాటిలో చాలాసార్లు "రుజువు" అనే అర్థం ఉంటుంది. "వాళ్ల ఐకమత్యానికి ఈ వంతెనే నిదర్శనం" అన్నప్పుడు వంతెన ఐకమత్యానికి ఉదాహరణ కాదు, సాక్ష్యం. అక్కడ ఈ మూడు క్రియల్లో ఏది పెట్టినా నప్పదు. "ఈజ్ ప్రూఫ్ ఆఫ్", "బేర్స్ విట్‌నెస్ టు" లాంటివి పెట్టాలి. మీ వ్యాసాల్లో నిదర్శనం ఎన్ని చోట్ల ఉందో అన్ని చోట్లా ముందు ఇది ఉదాహరణా, సాక్ష్యమా అని తేల్చుకోండి. క్రియ ఏదన్నది ఆ తర్వాత సంగతి.

వేపచెట్టు
అబ్బ, ఇదీ నాకు కావలసింది. సగం చోట్ల సాక్ష్యమే.

మొక్కలమనిషి
ఎపిటమైజ్ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అందులో పరాకాష్ఠ అనే అర్థం ఎక్కడిది?

పదాలపిచ్చి
గ్రీకులో కోసి పొట్టిచేయడం అనే మాట నుంచి వచ్చింది. ఎపిటమీ అంటే మొదట సంక్షిప్తం, పెద్ద గ్రంథాన్ని కుదించి రాసినది. లివీ రాసిన రోమ్ చరిత్ర 142 భాగాలు, మనకి దక్కినవి 35. పోయినవాటిలో ఏముందో చాలామటుకు ఇలాంటి సంక్షిప్తాల వల్లే తెలుసు. మొత్తం సారం చిన్నచోట ఇమిడింది అనే ఆ భావం నుంచే "ఆ గుణానికి నిలువెత్తు రూపం" అనే అర్థం పుట్టింది. అందుకే "వన్ ఆఫ్ ది ఎపిటమీస్ ఆఫ్" అంటే అతకదు, సారమంతా ఒక్కచోట ఉందని చెప్పి మళ్లీ పదింట్లో ఒకటి అంటే ఎలా?

టిపిఫై వైపు మూలం గ్రీకు టైపోస్, ముద్ర, అచ్చు పడిన గుర్తు. క్రైస్తవ వ్యాఖ్యానాల్లో పాత నిబంధనలో కనిపించే ఒక మనిషో సంఘటనో రాబోయేదాన్ని ముందే సూచించడాన్ని కూడా టిపిఫై అంటారు. రోమీయులకు రాసిన పత్రికలో ఆదాము గురించి ఈ టైపోస్ అనే మాటే ఉంది, తెలుగు బైబిల్లో దాన్ని "గురుతు" అన్నారు. ఎంత చక్కటి మాట వెతికి పట్టుకున్నారో చూడండి. మతగ్రంథాలు అనువాదం చేసేవాళ్లు టిపిఫై కనబడగానే "విలక్షణ ఉదాహరణ" అని రాసేయకూడదు.

రాత్రిబండి
ఎపిటమీని ఎపిటోమ్ అని పలికేవాళ్లు చాలామంది. నేను విన్న ఒక పెద్ద సభలో వక్త మొదట్నుంచీ చివరిదాకా ఎపిటోమ్ అనే అన్నారు.

పలకాబలపం
నాలుగు అక్షరాలుగా ఎ-పి-ట-మీ, రెండోదాన్ని ఒత్తి పలకాలి. క్రియలో కూడా ఒత్తు అక్కడే. ఫై చివరనున్నవాటికి ఒక సులువుంది, చివరి నుంచి మూడో అక్షరం మీద ఒత్తు పడుతుంది. ఇగ్‌జెంప్లిఫైలో జెం మీద, టిపిఫైలో టి మీద. టైప్ అంటాం కదా అని టైపిఫై అనకూడదు.

కొత్తచిగురు
నేను టైపిఫై అనే విన్నాను అన్నిచోట్లా. ఇక టిపిఫై.

వేపచెట్టు
ఇంకొక్క వాక్యం అడిగి ఆపేస్తాను, జీవిత చరిత్రలోది. "పొడుగాటి వాక్యాలు ఆయన శైలికి నిదర్శనం." ఇక్కడ టిపిఫైనా? పొడుగు వాక్యం లక్షణమే కదా.

మూడోకన్ను
క్యారెక్టరైజ్.

పదాలపిచ్చి
లక్షణంగా చెబుతున్నప్పుడు టిపిఫై బాగుంటుంది. దాని వెంటనే ఆయన రాసిన ఒక పేరా ఎత్తి చూపిస్తుంటే, ఆ పేరా ఎగ్జెంప్లిఫై చేస్తుంది. మీ మూలంలో పేరా ఉందా?

వేపచెట్టు
ఉంది, రెండు పేజీలు ఎత్తి రాశారు.

పదాలపిచ్చి
అయితే మొదటి వాక్యంలో టిపిఫై పెట్టండి, పేరాకి ముందు "యాజ్ ఎగ్జెంప్లిఫైడ్ ఇన్" అని పెట్టండి. రెండూ వాడినందుకు ఎడిటర్ అడిగితే షార్త్ర్, కమాను సంగతి చెప్పండి.

రాత్రిబండి
పేరాకి ముందు "ఫర్ ఎగ్జాంపుల్" చాలు. నేను మాత్రం అదే అంటాను.